గిటారు మగవాళ్ళ సొత్తేం కాదు

బి.బి. కింగ్ గిటారు పేరు లూసిల్. జార్జ్ హారిసన్ దగ్గరున్న ఎర్ర గిటారు పేరు లూసీ. గిటారుకి మెడ ఉంటుంది, నడుముంటుంది. ఒళ్ళో కూర్చోబెట్టుకునో, గుండెకి హత్తుకునో వాయిస్తారు. పోలికలన్నీ ఆడదానివే! కానీ గొప్పగా వాయించినవాళ్ళ జాబితా వేసేటప్పటికి మాత్రం ఆడవాళ్ళు ఎక్కడా కనబడరు.

2003లో అమెరికాలో రోలింగ్ స్టోన్ అనే పత్రిక, ప్రపంచంలోకెల్లా గొప్ప గిటారిస్టులంటూ నూరుమంది పేర్లు అచ్చేసింది. అందులో ఆడవాళ్ళు ఇద్దరంటే ఇద్దరు. 72వ స్థానంలో జోనీ మిచెల్, 87లో జోన్ జెట్. పాపం, ఎనిమిదేళ్ళు ఆలోచించుకుని 2011లో మళ్ళీ ఇంకో నూరుమందిని వేశారు. మళ్ళీ ఇద్దరే! మిచెల్ మూడు మెట్లు కిందికి జారింది, జోన్ జెట్ పోయి బోనీ రైట్ వచ్చింది. ఒకావిడ లేస్తేగాని ఇంకొకావిడకి కుర్చీ లేదన్నమాట. బస్సులో అయినా ఆడవాళ్ళకి ఇంతకంటే ఎక్కువ సీట్లే ఉంటాయి.

ముందే ఒక మాట చెప్పేస్తాను. నాకు ఈ రాక్ సంగీతమంటే పడక కాదు. పడి చస్తాను. జిమీ హెండ్రిక్స్ 1967లో మాంటెరేలో గిటారుకి నిప్పు పెట్టి వాయించిన వైనం, డేవిడ్ గిల్మోర్ ఒకే ఒక్క స్వరాన్ని లాగి లాగి ఏడిపించే తీరు, ఇవి నాకు అన్నం కంటే ఎక్కువ. వాళ్ళని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. వాళ్ళ పేర్లు చెప్పుకుని "ఇది మగవాళ్ళ వాద్యం, ఆడవాళ్ళకి చేతకాదు" అనే అభిమానులున్నారే, వాళ్ళతోనే నా పేచీ. మీ ఇంట్లోనూ ఒకడుండే ఉంటాడు. గోడ నిండా బొమ్మలంటించుకుని, ఏ గిటారు ఏ సంవత్సరంలో తయారైందో, వేలంలో ఎంతకి పోయిందో గడగడా అప్పజెప్పేస్తాడు. కర్ట్ కొబేన్ గిటారు 2020లో 60 లక్షల డాలర్లకి పోయిందని చెబుతాడు. ఎరిక్ క్లాప్టన్ మూడు పాత గిటార్లు విప్పి ఒక్కటిగా బిగించుకున్న బ్లాకీ కథ చెబుతాడు. "మరి ఆడవాళ్ళెవరూ లేరా నాయనా?" అని అడిగి చూడండి. ఒక నవ్వు నవ్వి, "వాళ్ళ వేళ్ళు నాజూకండీ, స్టీలు తీగల మీద ఆగవు" అంటాడు.

సరే, ఆ వేళ్ళ సంగతే తేల్చుకుందాం.

కరెంటు గిటారు మోగేదెలాగో తెలుసా? దాని పొట్టలో మన వీణకున్నట్టు బుర్ర ఉండదు, గట్టి చెక్క ఉంటుంది. తీగల కింద పికప్ అని ఒక చిన్న సరంజామా బిగిస్తారు. మన కుట్టుమిషను బాబిన్ లాంటిదే అనుకోండి. మధ్యలో అయస్కాంతాలు, వాటి చుట్టూ తలవెంట్రుకంత సన్నని రాగి తీగ. ఒకటీ రెండూ కాదు, సుమారు ఎనిమిది వేల చుట్లు! పైన స్టీలు తీగ కదిలితే కింద ఈ చుట్టలో ఇసుమంత కరెంటు పుడుతుంది. ఆ కరెంటు ఆంప్లిఫయరులో పడి పెద్దదై మన చెవులు హోరెత్తిస్తుంది. తీగ బిగువుగా చుడితే ఒక రకం, కాస్త వదులుగా, అటూ ఇటూ పడేలా చుడితే ఇంకో రకం. గిటారు గొంతు చాలావరకు అక్కడే తయారవుతుంది.

హెండ్రిక్స్, గిల్మోర్, క్లాప్టన్, వీళ్ళందరి చేతుల్లోనూ మోగింది స్ట్రాటోకాస్టర్. 1954లో కాలిఫోర్నియాలోని ఫులర్టన్ అనే ఊళ్ళో లియో ఫెండర్ అనే ఆయన తయారుచేశాడు. రేడియోలు బాగుచేసుకునే మనిషి. ఆయనకి గిటారు వాయించడం రాదు! ఆ ఫ్యాక్టరీలో ఈ తీగలు చుట్టే బల్లల దగ్గర కూర్చున్నది ఎక్కువగా ఆడవాళ్ళు. అబిగేల్ యబారా అనే ఆవిడ 1956లో ఆ కంపెనీలో చేరి 2013 దాకా పనిచేసింది. యాభయ్యేడేళ్ళు! బాబిన్ తిరుగుతూంటే తీగని వేళ్ళ మధ్య పట్టుకుని, తెగకుండా, ముడిపడకుండా సర్దడం ఆవిడ విద్య. ఎనిమిది వేల చుట్లలో ఎక్కడ పుటుక్కుమన్నా మళ్ళీ మొదటికే. చివరి రోజుల్లో ఆవిడ చుట్టిన పికప్‌ల మీద ఆవిడ పొడి అక్షరాలుంటే చాలు, అవి కావాలని జనం ఎగబడ్డారు.

ఇప్పుడు మన కుర్రాణ్ణి అడగండి. ఆ బల్ల దగ్గర ఆడవాళ్ళనే ఎందుకు కూర్చోబెట్టారయ్యా? "వాళ్ళ వేళ్ళు నాజూకు కదండీ, సన్నపని బాగా చేస్తారు" అంటాడు. మరి గిటారు ఎందుకు వాయించలేరయ్యా? "వాళ్ళ వేళ్ళు నాజూకు కదండీ!" చూశారూ! అవే వేళ్ళు. గంటకింతని కూలి ఇచ్చేచోట పనికొచ్చాయి. చప్పట్లు కొట్టేచోట పనికిరాకుండా పోయాయి.

ఇదొక్క చోటే జరిగిన ముచ్చట కాదు. మిషిగన్ రాష్ట్రంలో కలమజూ అని ఒక ఊరుంది. గిబ్సన్ గిటార్లు అక్కడే తయారయ్యేవి. రెండో ప్రపంచయుద్ధంలో మగవాళ్ళు సైన్యంలోకి వెళ్ళిపోతే కంపెనీ ఆడవాళ్ళని పనిలో పెట్టుకుంది. బయటికి మాత్రం, యుద్ధం కదా, వాద్యాల తయారీ దాదాపు ఆపేశాం అని చెప్పుకున్నారు. నిజానికి ఆ నాలుగేళ్ళలో వేలకొద్దీ గిటార్లు ఆడవాళ్ళ చేతుల మీదుగా బయటికొచ్చాయి. పాటగాళ్ళంతా కళ్ళకద్దుకునే జె-45 అనే గిటారు పుట్టింది కూడా ఆ 1942లోనే. జాన్ థామస్ అనే లాయరు ప్రొఫెసరొకాయన ఫ్యాక్టరీ ముందు బారుగా నిలబడ్డ ఆడవాళ్ళ ఫోటో ఒకటి చూసి, ఆ గుట్టు లాగి, బతికున్నవాళ్ళని వెతికి పట్టుకుని మాట్లాడి, 2013లో పుస్తకం వేశాడు. ఆ గిటార్లకి ఎక్స్‌రేలు తీయించి చూస్తే లోపలి చెక్క పని ముందూ వెనకా వచ్చినవాటి కంటే నాజూగ్గా ఉందిట. మళ్ళీ ఆ మాటే, నాజూకు!

పోనీ కంపెనీలు వదిలేసి ఇళ్ళకి రండి. జాన్ లెనన్‌కి మొట్టమొదట వాద్యం పట్టుకోవడం నేర్పిందెవరు? తల్లి జూలియా. ఆవిడకి బాంజో వచ్చు. బాంజో పట్లే కొడుక్కి నేర్పితే, అతగాడు గిటారు మీద కూడా చాలాకాలం అవే వాయించాడు. 1958లో ఆవిడ కారు కిందపడి పోయింది. అప్పటికి కుర్రాడికి పదిహేడేళ్ళు. జార్జ్ హారిసన్‌కి మొదటి గిటారు కొనుక్కోమని డబ్బిచ్చింది తల్లి లూయీజ్. పాత గిటారు, మూడు పౌండ్ల పది షిల్లింగులు. వేళ్ళు కోసుకుపోయి పిల్లాడు విసుక్కుంటుంటే రాత్రిళ్ళు పక్కన కూర్చుని "వస్తుందిరా, నీకొస్తుంది" అంటూ ధైర్యం చెప్పిందిట.

వీళ్ళ పేర్లు చాలామందికి తెలియవు. అదే, జాన్‌ని పెంచిన పెద్దమ్మ మిమీ పేరు మాత్రం అందరికీ తెలుసు. ఎందుకని? గిటారు కూడు పెట్టదని ఆవిడ జాన్‌తో అంది కనక! ఆ మాట చెప్పుకుని ఇప్పటికీ నవ్వుతారు. నన్నడిగితే ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది? తల్లిదగ్గర లేని పిల్లాడు, చదువు అంతంతమాత్రం, మీ ఇంట్లో అయితే మీరేమనేవారు? ప్రోత్సహించిన ఆడవాళ్ళని మరిచిపోయి, జాగ్రత్త చెప్పిన ఆడదాన్ని మాత్రం జ్ఞాపకం పెట్టుకుంటుందండీ ఈ చరిత్ర.

క్వీన్ బృందంలో బ్రయన్ మే గిటారు ఇంకా చిత్రం. కొనే స్తోమత లేక 1963లో తండ్రీ కొడుకులు ఇంట్లోనే తయారుచేసుకున్నారు. పాతబడ్డ చలిమంట గూటి చెక్కతో మెడ చేశారు, పాత మోటారు సైకిలు స్ప్రింగులు తెచ్చి బిగించారు. తండ్రి ఇంజనీరు, కొడుకు తెలివైనవాడు, అంటూ ఈ కథ ఎన్నోసార్లు రాశారు. బాగానే ఉంది. మెడ మీద మెట్లకి గుర్తులుగా తెల్లగా మెరిసే చుక్కలున్నాయే, అవి వాళ్ళమ్మ కుట్టుపెట్టెలోంచి తీసిన ముత్యపుచిప్ప బొత్తాలు. స్వరాన్ని ఊగించే పిడి కొసన ఉన్నది ఆవిడ అల్లిక సూది ముక్క. 2002లో బకింగ్‌హాం రాజభవనం కప్పు మీద నిలబడి బ్రయన్ మే వాయించినప్పుడు అమ్మగారి బొత్తాలు కూడా అంత ఎత్తూ ఎక్కాయి. ఆవిడ ఏ చొక్కా కోసం దాచుకుందో పాపం!

"ఇదంతా సరేనండీ. చుట్టారు, చెక్కారు, కొనిపెట్టారు, బొత్తాలిచ్చారు. వాయించిందెవరు?" అంటాడు మన కుర్రాడు. అడుగుతాడనే నేనూ కాచుక్కూచున్నాను.

రోసెట్టా థార్ప్. 1915లో ఆర్కన్సా రాష్ట్రంలో కాటన్ ప్లాంట్ అనే పల్లెలో పుట్టిన నల్లజాతి పిల్ల. తల్లి చర్చిల్లో పాడుతూ, మాండొలిన్ వాయిస్తూ ఊరూరా తిరిగేది. పిల్ల ఆరేళ్ళకే గిటారు పట్టుకుని తల్లితో పాటు వేదికెక్కింది. 1938కల్లా న్యూయార్కులో రికార్డులిచ్చింది. దేవుడి పాటే పాడుతుంది, కానీ చేతిలో గిటారు మాత్రం నాట్యమాడుతూ ఉంటుంది. చర్చివాళ్ళు ముక్కు మీద వేలేసుకున్నారు. భజన పాటకి ఈ గంతులేమిటని! ఆవిడ వినిపించుకోలేదు. ఎల్విస్ ప్రెస్లీ, చక్ బెర్రీ ఇంకా పేరు తెచ్చుకోకముందే కరెంటు గిటారు మీద ఆవిడ వాయించిన వాయింపులో తర్వాత వాళ్ళు వాయించబోయేదంతా ఉంది. 1947లో ఒక కచేరీకి ముందు పద్నాలుగేళ్ళ కుర్రాడొకడు పాడుతూంటే విని, పిలిచి వేదిక మీద పాడించింది. ఆ కుర్రాడే లిటిల్ రిచర్డ్.

1951లో ఆవిడ పెళ్ళి వాషింగ్టన్‌లో బేస్‌బాల్ మైదానంలో జరిగింది. వేలమంది జనం టికెట్లు కొనుక్కుని మరీ వచ్చారు. మూడుముళ్ళు పడ్డాక, వాళ్ళకి ముళ్ళు లేవనుకోండి, ఉంగరాలు మార్చుకున్నాక, పెళ్ళికూతురు ఆ తెల్లగౌనులోనే గిటారు తగిలించుకుని కచేరీ చేసింది. వరుడు ఏం చేస్తున్నాడో ఎవరూ రాయలేదు. పోనిద్దురూ, ఒక్కసారైనా అలా జరగాలి.

1964లో ఇంగ్లండులో మాంచెస్టరు దగ్గర, మూతపడ్డ రైలు స్టేషనులో టెలివిజన్ వాళ్ళు ఆవిడ చేత పాడించారు. ఈ ప్లాట్‌ఫారం మీద ఆవిడ, పట్టాలకి అవతలి ప్లాట్‌ఫారం మీద జనం, మధ్యలో వాన. యాభయ్యో పడికి దగ్గరపడ్డ మనిషి, పేరంటానికొచ్చినట్టు మంచి కోటు వేసుకుని, గుర్రబ్బండి దిగి, నవ్వుకుంటూ తెల్ల గిబ్సన్ తగిలించుకుంది. ఆ ఫిల్ము ఇప్పటికీ ఉంది, వెతికి చూడండి. ఆవిడ వాయిస్తూంటే ఎదురుగా కోట్లలో ముడుచుకున్న తెల్లపిల్లలు తడుస్తూ, నోళ్ళు తెరుచుకుని చూస్తూంటారు. 1973లో ఆవిడ ఫిలడెల్ఫియాలో పోయింది. సమాధి మీద పేరు చెక్కిన రాయి కూడా లేకుండా దశాబ్దాలు గడిచిపోయాయి. రాక్ సంగీతపు గౌరవశాలలో ఆవిడకి చోటిచ్చింది 2018లో. ఆ పత్రిక ఉందే, నూట్లో ఇద్దరన్నది, 2023లో మళ్ళీ జాబితా వేసి, అంతకుముందు వందలో కూడా లేని రోసెట్టా థార్ప్‌ని తిన్నగా ఆరో స్థానంలో కూర్చోబెట్టింది. పోయి యాభై ఏళ్ళయిన మనిషి ఈ మధ్య కొత్తగా ఏమైనా సాధన చేసిందా? వాళ్ళ చెవులే ఆలస్యంగా తెరుచుకున్నాయి.

ఇంకొకావిడ ఉంది. ఈవిడ సంగతి మాత్రం మీరు తప్పకుండా వినాలి. ఎలిజబెత్ కాటెన్. నార్త్ కరొలైనాలో 1893లో పుట్టింది. అన్నగారు పనిలోకి వెళ్ళగానే దొంగతనంగా ఆయన బాంజో తీసి వాయించేది. పదేళ్ళు దాటేసరికి బడి మానేసి ఇళ్ళల్లో పనికి కుదిరి, నెలకి డాలరు కూడా లేని జీతంలో కూడబెట్టి గిటారు కొనుక్కుంది. ఆవిడది ఎడమచేతి వాటం. కుడిచేతివాళ్ళ గిటారుని తలకిందులుగా పట్టుకుని వాయించింది. హెండ్రిక్స్ కూడా అలాగే తిప్పి వాయించాడని పుస్తకాలు పుస్తకాలు రాశారు కదూ? హెండ్రిక్స్ తీగలు మార్చి బిగించుకునేవాడు. ఈవిడ అదీ లేదు. ఉన్న తీగలు ఉన్నట్టే! మంద్రం తీగలు వేళ్ళతో, పాట నడిచే తీగలు బొటనవేలితో. నేర్పే గురువెవరూ లేక ఆవిడకావిడ కనిపెట్టుకున్న పద్ధతి. ఇప్పుడు దాన్ని ఆవిడ పేరుతోనే పిలిచి నేర్చుకుంటున్నారు. పదకొండు పన్నెండేళ్ళ వయసులోనే గూడ్సు రైలు మీద ఒక పాట కూడా కట్టింది.

తర్వాత పెళ్ళి, ఒక ఆడపిల్ల, చర్చివాళ్ళ సుద్దులు. గిటారు మూలపడింది. దశాబ్దాలు దాన్ని ముట్టలేదు. తర్వాత వాషింగ్టన్‌లో ఒక పెద్ద బట్టలకొట్టులో పనిచేస్తూండగా తప్పిపోయిన చిన్నపిల్లని తల్లి దగ్గరికి చేర్చింది. ఆ తల్లి రూత్ క్రాఫర్డ్ సీగర్, పేరున్న సంగీతకర్త. వాళ్ళింట్లో వంటకీ ఇంటిపనికీ కుదిరింది. గోడకి గిటారు వేలాడుతూండేది. ఎవరూ లేనప్పుడు తీసి మెల్లిగా వాయించుకునేది. ఒకరోజు ఆ ఇంటి పిల్ల పెగీ వినేసింది.

ఆ ఇంటివాళ్ళు మంచివాళ్ళు కనక 1958లో ఆవిడ పాటలు రికార్డుగా వచ్చాయి. ఈలోగానే ఆ గూడ్సు రైలు పాట ఇంగ్లండు చేరి, ఎవరో దాన్ని తమదేనని రాయించేసుకుని, 1957లో అక్కడ మోత మోగించింది. బీటిల్స్ పుట్టుకొచ్చిన స్కిఫిల్ సంగీతపు వెర్రి రోజులవి. పనిమనిషి చిన్నప్పుడు కట్టిన పాట లండనులో ఊగిస్తోంది, ఆవిడ వాషింగ్టన్‌లో అంట్లు తోముతోంది! తన పాట తనదని ఒప్పించుకోవడానికి తర్వాత పోరాడాల్సి వచ్చింది. తొంభై దాటాక, 1985లో, గ్రామీ బహుమతి ఇచ్చారు.

ఆ మూలపడ్డ గిటారు మాట చదివి ఎవరికైనా అటకమీద గవిసెన తొడిగిన వీణ గుర్తొచ్చిందా? రాకుండా ఎలా ఉంటుంది! మన ఇళ్ళల్లో తరాల తరబడి సంగీతం నేర్చుకున్నది ఆడపిల్లలే. పెళ్ళిచూపుల దాకా సరళీ వరసలు, వర్ణాలు, రెండు కీర్తనలు. పెళ్ళయ్యాక వీణకి గవిసెన. వైణికుల పేర్లు చెప్పమంటే మాత్రం ఈమని శంకరశాస్త్రిగారు, చిట్టిబాబుగారు అంటాం. ఆ మహానుభావులకి నమస్కారమే. కానీ అంతమంది నేర్చుకున్న ఆడవాళ్ళ వేళ్ళు ఏమైపోయాయి? పప్పు రుబ్బాయి.

ఇప్పటి ఆడపిల్ల గిటారు కావాలంటుంది. ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కొక్క అడ్డుపుల్ల. బరువుట! బరువనిపించుకున్న లెస్ పాల్ గిటారే నాలుగు కిలోల చిల్లర. ఏడాది పిల్లాడు తొమ్మిది కిలోలుంటాడు. వాణ్ణి చంకనేసుకుని వంట చేస్తే ఎవరూ బరువనరు. వేళ్ళు కాయలు కాస్తాయిట! అట్లకాడ కాలిన మచ్చలకి లేని బెంగ దీనికెందుకో. నాకు తోచేదేమిటంటే, అసలు సంగతి బరువూ కాదు, కాయలూ కాదు. వీణ నాదం వీధి గుమ్మం దాటదు. కరెంటు గిటారు నాలుగిళ్ళకి వినబడుతుంది. ఆడపిల్ల వాయిస్తోందని ఊరంతటికీ తెలుస్తుంది. అదీ బాధ. అమెరికాలో మాత్రం? జోన్ జెట్ చిన్నప్పుడు గిటారు మాస్టారి దగ్గరికెళ్ళి రాక్ నేర్పమంటే, ఆడపిల్లలు రాక్ వాయించరని చెప్పి జోలపాటలాంటిదేదో నేర్పబోయాడట. ఆ పిల్ల ఆ మాస్టార్నే మానేసింది.

వాయించింది ఎవరని మళ్ళీ అడిగేవాళ్ళ కోసం ఒక్క పేరు మిగిల్చాను. కెరోల్ కే. 1935లో పుట్టింది. పద్నాలుగేళ్ళకే గిటారు పాఠాలు చెప్పి తల్లికి ఆసరాగా నిలిచింది. 1958లో రిచీ వాలెన్స్ 'లా బాంబా' రికార్డులో గిటారు వాయించింది. 1963లో ఒకనాడు లాస్ ఏంజిలిస్ స్టూడియోకి బేస్ గిటారు వాయించే ఆయన రాలేదు. "నువ్వు పట్టుకో" అన్నారు. పట్టుకుంది. అప్పటికే ఆవిడ పిల్లల తల్లి. పగలంతా స్టూడియోలు, ఒక్కోరోజు రెండు మూడు రికార్డింగులు. బీచ్ బాయిస్ 1966లో ఇచ్చిన 'పెట్ సౌండ్స్' వినండి. అట్టమీద కుర్రాళ్ళు మేకలకి మేత పెడుతూ కనిపిస్తారు. లోపల చాలా పాటల్లో కింద నుంచి బరువు మోస్తున్నది కెరోల్ కే. అట్టమీద పేరు లేదు. నిజమే, స్టూడియోల్లో వాయించిన మగవాళ్ళ పేర్లూ వెయ్యలేదు, ఆ అన్యాయం అందరికీ జరిగింది. కానీ అక్కడ కుర్చీల్లో ఉన్నవాళ్ళలో దాదాపు ఒక్కర్తే ఆడమనిషి. 1969లో బేస్ గిటారు నేర్చుకోవడానికి పుస్తకం రాసింది. దాన్ని చూసి నేర్చుకున్నవాళ్ళలో మగపిల్లలు ఎందరో!

2025లో రాక్ గౌరవశాలవాళ్ళకి ఆవిడ జ్ఞాపకం వచ్చింది. సన్మానం చేస్తాం, రమ్మన్నారు. అప్పటికావిడకి తొంభై ఏళ్ళు. అది ఒక్కళ్ళ పని కాదు, అందరం కలిసి చేసిన పని అంటూ, రానని చెప్పేసింది.